జూన్ 12కి బడులు, జూన్ 15 దాకా అధికమాసం: స్టేషనరీ షాపు ఎప్పుడు తెరవాలి?

నోట్‌బుక్_నల్గొండ
రామగిరిలో ఎన్‌జీ కాలేజీ దగ్గర ఒక మడిగె అద్దెకు తీసుకున్నాను. స్టేషనరీ, జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్లు. మూడు నెలల అడ్వాన్స్ కట్టేశాను. మే 1 నుంచి అద్దె మొదలు. ర్యాకుల పని నడుస్తోంది, కార్పెంటర్ మే 20 అంటున్నాడు, అంటే నెలాఖరు అనుకోవాలి.

నిన్న నాన్నతో కలిసి పంతులుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన పంచాంగం తిప్పి "మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం నాయనా, కొత్త పని ముట్టుకోవద్దు. ఆ తర్వాత రా, నిజ జ్యేష్ఠంలో మంచి లగ్నం పెడతాను" అన్నారు. ఎప్పటిలాగే బడులు జూన్ 12న తెరుస్తారు. నోట్‌బుక్కుల గిరాకీ అంతా దానికి పది రోజులు ముందు, పది రోజులు వెనక. జూన్ 16 తర్వాత నేను షట్టర్ ఎత్తేసరికి పిల్లలు అట్టలు వేసుకుని, లేబుళ్ళు కూడా అంటించేసుకుని ఉంటారు.

నాన్నేమో "ముహూర్తం లేకుండా తెరిస్తే నేను గడప తొక్కను" అంటున్నారు. మా ఆవిడ "తొక్కకపోతే మానె, చిట్టీ ఎత్తిన పైసలు ఎవరు కడతారు" అంటోంది. మధ్యలో నాకు నిద్ర లేదు. ఎవరైనా ఇట్లా ఇరుక్కున్నారా?

గడియారం_సెంటర్
మే 16 లోపల తెరిచేయ్. ర్యాకులు లేకపోతే రెండు టేబుళ్ళు వేసుకో. ఇంత ఆలోచన దేనికి?

బిర్యానీ_బాధితుడు
మంచి రోజు అని కళ్ళు మూసుకుని ఎగబడొద్దు, నా కథ వినండి. నిరుడు బిర్యానీ సెంటర్ పెట్టాను. విజయదశమికి ముహూర్తం చూడక్కర్లేదు, ఆ రోజు ఏది మొదలుపెట్టినా జయమే అన్నారు. నేనూ సరే అన్నాను. ఫ్లెక్సీ కొట్టించాను, పేపర్లలో పాంప్లెట్లు పెట్టించాను, "దసరా శుభాకాంక్షలతో గ్రాండ్ ఓపెనింగ్, చికెన్ బిర్యానీ ఒకటి కొంటే ఒకటి ఫ్రీ".

2025లో దసరా ఎప్పుడు పడిందో గుర్తుందా? అక్టోబరు 2. గాంధీ జయంతి. వైన్స్ బంద్, మా టౌన్‌లో కోళ్ళు, మేకల కోతలూ బంద్. ఫ్లెక్సీ మీద తేదీ రాయించింది నేనే, క్యాలెండర్ ఎదురుగా గోడకే వేలాడుతోంది, ఒక్కసారి కూడా తట్టలేదు. ముందురోజు రాత్రి మా బామ్మర్ది ఫోన్ చేసి "బావా, రేపు కోడి ఎక్కడిది?" అన్నప్పుడు చెమటలు పట్టాయి.

పూజ చేశాం, కొబ్బరికాయ కొట్టాం, వెజ్ బిర్యానీతో బోణీ చేశాం. వచ్చినవాళ్ళందరూ మొహం చూసి నవ్వి పోయారు. కొందరు ఇప్పటికీ మాది వెజ్ హోటల్ అనుకుంటున్నారు.

గడియారం_సెంటర్
@బిర్యానీ_బాధితుడు ఒకటి కొంటే ఒకటి ఫ్రీ ఇచ్చావా మరి?

బిర్యానీ_బాధితుడు
ఇచ్చాను. పెరుగు చట్నీ.

పంతులుగారబ్బాయి
మా నాన్న పౌరోహిత్యం చేస్తారు. నేను హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చుంటాను, కానీ ఇంట్లో విని విని కొంత వచ్చింది.

ముందు అధికమాసం సంగతి. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు, సౌరమానం కన్నా 11 రోజులు తక్కువ. ఆ తేడా పోగై పోగై రెండున్నర, మూడేళ్ళకోసారి ఒక నెల ఎక్కువ కలుపుకోవాల్సి వస్తుంది. ఏ చాంద్రమాసంలో సూర్యుడు రాశి మారడో అది అధికం. ఈసారి మే 15న వృషభంలోకి పోతాడు, మళ్ళీ మిథునంలోకి పోయేది జూన్ 15న. మధ్యలో పడిన నెలకు సంక్రమణం లేదు. క్రితంసారి 2023లో అధిక శ్రావణం వచ్చింది, గుర్తుండే ఉంటుంది, ఆ ఏడు రెండు శ్రావణాలు.

ఈ నెల జపాలకు, దానాలకు మంచిది. పెళ్ళి, గృహప్రవేశం, కొత్త వ్యాపారం పెట్టుకోరు. అయితే అసలు మాట ఇది: కొత్తగా *మొదలుపెట్టడం* కూడదు గానీ, అంతకుముందు మొదలైనదాన్ని నడుపుకోవడానికి ఏ అడ్డూ లేదు. లేకపోతే ఆ నెలంతా ప్రకాశం బజార్ మూసుకోవాలి కదా. గడియారం సెంటర్ అన్న చెప్పింది అందుకే సరైనది. మే 16 అమావాస్య, దానికి ముందు ఒక రోజు చూసుకుని పూజ, పాలు పొంగించడం, బోణీ కానిచ్చేస్తే షాపు మొదలైనట్టే. రిబ్బన్ కటింగు, మైకు సెట్టు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు.

చెర్వుగట్టు_తొవ్వ
అమావాస్య చెడ్డది అని అందరూ అనుడే. మా చెర్వుగట్టు కింద కొబ్బరికాయల దుకాణం పెట్టేవాణ్ణి అడుగు, నెలంతా అమావాస్య కోసమే చూస్తడు. జడల రామలింగేశ్వరుని దగ్గర ఆ రాత్రి నిద్ర చేయనీకి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తరు. మా మేనమామ టీ కొట్టు పెట్టిందే అమావాస్య నాడు. ఆ రోజు పెట్టకపోతే ఎవరు తాగుతరు?

గడియారం_సెంటర్
అదే కొట్టు పౌర్ణమికి పెడితే కోతులు తాగుతాయి.

ఏ_జెండా_లేదు
ఇక్కడ ఒక్కడైనా అడుగుతాడేమో అని చూస్తున్నా. ముహూర్తం చూసి పెట్టిన దుకాణాలు ఎన్ని మూతపడలేదు? మా బజార్లోనే మూడు. అన్నిటికీ గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టే ఉంది. నేను మొబైల్ రిపేర్ షాపు సోమవారం పొద్దున ఎనిమిదింటికి, పక్కా రాహుకాలంలో తెరిచాను. ఏడేళ్ళయింది, బతికే ఉన్నాను.

నోట్‌బుక్_నల్గొండ
@ఏ_జెండా_లేదు అన్నా, నాకూ పెద్దగా పట్టింపు లేదు. కానీ షాపుకు సగం పైసలు నాన్న రిటైర్మెంట్‌వి. ఆయన గడప తొక్కకపోతే నాకు బాధగా ఉంటుంది.

ఏ_జెండా_లేదు
అట్లయితే నేను నోరు మూసుకుంటా. పైసలు పెట్టినాయన రాహువు కన్నా పెద్ద గ్రహం.

లెక్కల_సార్_రిటైర్డ్
@ఏ_జెండా_లేదు మీరు రాహుకాలంలో తెరిచానని గొప్పగా చెప్తున్నారు గానీ కొంత లెక్క చూడాలి. క్యాలెండర్లో సోమవారం 7:30 నుంచి 9:00 అని అచ్చు వేసేది సూర్యోదయం ఆరింటికి, అస్తమయం ఆరింటికి అనుకుని. పగటిని ఎనిమిది భాగాలు చేసి, వారాన్ని బట్టి అందులో ఒక భాగాన్ని రాహువుకు ఇస్తారు. ఏడాదంతా పగలు పన్నెండు గంటలే ఉంటుందా?

మే రెండోవారంలో మన నల్గొండలో పొద్దు పొడిచేది సుమారు 5:42కి, కుంకేది 6:36కి. పగలు 12 గంటల 54 నిమిషాలు. ఒక్కో భాగం 90 నిమిషాలు కాదు, 97 నిమిషాలు. బుధవారం రాహుకాలం గోడ క్యాలెండర్లో 12:00 నుంచి 1:30, లెక్కకు 12:09 నుంచి 1:46. క్యాలెండర్ చూసి 1:35కి "హమ్మయ్య అయిపోయింది" అని కొబ్బరికాయ కొట్టేవాళ్ళను నేను చాలామందిని చూశాను. ఊరు మారినా మారుతుంది. మహబూబ్‌నగర్ మనకు పడమర, అక్కడ పొద్దు అయిదు నిమిషాలు ఆలస్యం.

నేను నమ్ముతానా అని అడగకండి. నమ్మేవాళ్ళు లెక్క తప్పు చేస్తే మాత్రం చూడలేను.

దేవరకద్ర_స్వీట్స్
సార్ చెప్పిన అయిదు నిమిషాలు కాదు, నేను ఊరి సంగతే మర్చిపోయాను. మూడేళ్ళ కింద స్వీటు షాపు తెరిచాను. దీపావళి అయిపోయి కార్తీకం వచ్చింది, అయ్యగారు వారం, నక్షత్రం, లగ్నం అన్నీ కుదిరిన రోజు ఇచ్చారు. బాగుంది. ఆ రోజే కురుమూర్తి జాతరలో ఉద్దాల ఉత్సవం. ఊరు ఊరంతా కురుమూర్తికి పోయింది. యాభై కిలోల లడ్డూ పెట్టుకుని నేనూ మా తమ్ముడూ ఈగలు కొట్టుకుంటూ కూర్చున్నాం.

సాయంత్రం మా అమ్మ "ఇక్కడ ఎవరికోసం కూర్చున్నారురా, జనం అక్కడుంటే" అన్నది. లడ్డూ డబ్బాలు ట్రాలీ ఆటోలో వేసుకుని జాతర తొవ్వలో నిలబెట్టాం. రాత్రి పదకొండుకల్లా ఒక్కటి మిగల్లేదు. ఇప్పుడు ఏటా అక్కడే నాలుగు రోజులు స్టాల్ వేస్తున్నాం, షాపు కన్నా ఎక్కువ అమ్ముతుంది.

పంచాంగం పక్కన లోకల్ జాతరల లిస్టు కూడా పెట్టుకోండి. సూర్యాపేట వాళ్ళయితే పెద్దగట్టు జాతర, రెండేళ్ళకోసారి.

హాలియా_ఎరువులు
మా లైన్లో ముహూర్తం అంటే వాన. ఎరువుల దుకాణం ఆషాఢం పోయినంక శ్రావణంలో పెట్టమన్నారు మా ఇంట్లో. అప్పటికి పత్తి గింజలు మొలకెత్తి మోకాలు దాకా వస్తయి. యూరియా, డీఏపీ కోసం రైతు నా ముహూర్తం దాకా ఆగుతడా? జ్యేష్ఠంలోనే తెరిచాను. పక్కింటాయన హార్డ్‌వేర్ పెట్టాడు, ఆయన లెక్క వేరే. యాసంగి వడ్లు ఐకేపీ సెంటర్లో అమ్మి పైసలు అకౌంట్లో పడ్డాకనే బోరు మోటార్లు, పైపులు కొంటరు. అందుకని మే నెలలో పెట్టాడు. ఎవరి గిరాకీని బట్టి వాళ్ళు.

మిర్యాలగూడ_కోడలు
నేను మూఢంతో దెబ్బతిన్నాను. బ్యూటీ పార్లర్‌కు అక్టోబరులోనే అద్దె మాట్లాడుకున్నాం, ఇంటీరియర్ అయ్యేసరికి నవంబరు ఆఖరు. అప్పుడు శుక్ర మూఢం మొదలైంది, ఫిబ్రవరి మధ్యదాకా. నడుమ ధనుర్మాసం. "శుక్రుడు సూర్యునికి దగ్గరగా పోయి కనపడడు, ఆడవాళ్ళ అలంకారానికి ఆయనే కారకుడు, ఆయనే లేనప్పుడు పార్లర్ ఎట్లా తెరుస్తావు" అని మా అత్తమ్మ. చెప్తే బాగానే ఉంది వినడానికి. రెండున్నర నెలలు ఖాళీ గదికి అద్దె కట్టాను.

తర్వాత ఏమైందంటే మూఢం విడిచిన వారమే అన్ని పెళ్ళిళ్ళూ కుప్పగా పడ్డాయి. మొదటి నెలలోనే పదకొండు పెళ్ళికూతుళ్ళు. ఇప్పుడు అత్తమ్మ ముందు మాట్లాడే మొహం లేదు నాకు.

గడియారం_సెంటర్
అత్తమ్మకు ఒక ఫేషియల్ ఫ్రీగా చేయండి.

మిర్యాలగూడ_కోడలు
రెండు చేశాను.

జడ్చర్ల_జంక్షన్
ఎవరూ చెప్పని ముఖ్యమైన గ్రహం ఒకటుంది, చీఫ్ గెస్ట్. మా అన్న బట్టల షాపుకు 10:12 ముహూర్తం. రిబ్బన్ కట్ చేయడానికి ఒక లీడర్‌ను పిలిచాం. 10:12 అయింది, 11 అయింది, "దారిలో ఉన్నారు" అంటున్నారు. పంతులుగారికి వేరే పెళ్ళి ఉంది, వాచీ చూసుకుంటున్నారు. ఎండకు షామియానా కింద కూర్చున్న ముసలివాళ్ళు మజ్జిగ ప్యాకెట్లు మూడేసి తాగారు. లీడర్ వచ్చింది శుక్రవారం 11:20కి, నట్టనడుమ రాహుకాలం. మా అన్న ముందే తెలివిగా 10:12కి వెనక తలుపు నుంచి పోయి దీపం పెట్టి, మా వదినతో బోణీ కొనిపించాడు. ముందర రిబ్బన్ మాత్రం ఫొటోకి.

అప్పటినుంచి మా ఇంట్లో రూల్: ముహూర్తానికి ఇంటివాళ్ళు, రిబ్బన్‌కు పెద్దమనుషులు. రెండూ ఒక్క టైంకి పెట్టొద్దు.

అత్తరు_డబ్బా
మా దాంట్లో లగ్నం గిగ్నం లేవు గానీ మేమూ ఊరికే తెరవం. జుమ్మా రోజు చూసుకుని ఫాతెహా ఇప్పిస్తాం, మీఠా పంచుతాం. మా బావ చెప్పుల షాపు బక్రీద్ ముందు పెట్టాలని ఉరుకులాడుతున్నాడు, ఈసారి మే 27, 28లో పడుతుంది. అది దాటితే మొహర్రం వస్తుంది. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఆ నెలలో కొత్తవి పెట్టుకోరు.

విచిత్రం చూడండి, మీ అధికమాసం అమావాస్యకు పోతుంది, ఆ వెంటనే నెలవంక కనపడితే మాకు మొహర్రం. మీ అడ్డం పోయే రోజే మా అడ్డం వస్తుంది. ఇద్దరం పార్ట్‌నర్‌షిప్ పెట్టుకుంటే ఏడాదిలో మంచి రోజు దొరకదు.

చెర్వుగట్టు_తొవ్వ
@అత్తరు_డబ్బా పీర్ల పండుగకు మా ఊర్ల సగం మంది ఎత్తుకునేది మేమే కద అన్న. మాకు రెండు అడ్డాలు ఉన్నట్టే.

నోట్‌బుక్_నల్గొండ
అందరివీ చదివాను. మే 16 లోపల చేద్దామని నాన్నకు చెప్తే మెత్తబడ్డారు. పంతులుగారు ఊళ్ళో లేరు, నాలుగు రోజుల్లో వస్తారు. యాప్‌లో చూస్తే మే 13 బుధవారం ఏకాదశి అని ఉంది. నాది రోహిణి నక్షత్రం. ఏకాదశి మంచిదే కదా?

పంతులుగారబ్బాయి
తిథి మంచిదే, తారాబలం చూశావా? నీ జన్మనక్షత్రం నుంచి ఆ రోజు నక్షత్రం దాకా లెక్కపెట్టి తొమ్మిదితో భాగించు. శేషం 3 వస్తే విపత్, 5 ప్రత్యక్, 7 నైధనం, ఈ మూడూ వద్దు. 2 సంపత్, 4 క్షేమ, 6 సాధన, 8 మిత్ర బాగుంటాయి, శేషం లేకపోతే పరమ మిత్ర. 1 వస్తే జన్మతార, కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు.

13వ తేదీ పగలంతా ఉత్తరాభాద్ర. రోహిణి నుంచి లెక్కపెడితే 23, శేషం 5. ప్రత్యక్ తార, నీకు కుదరదు. అర్ధరాత్రి ప్రాంతంలో రేవతి వస్తుంది. 14 గురువారం రేవతి, 24వది, శేషం 6, సాధన తార. రేవతికి అధిపతి బుధుడు, వ్యాపారానికి, పుస్తకాలకు ఆయనే. స్టేషనరీకి అంతకన్నా ఏం కావాలి.

ఇక టైం. దుకాణానికి స్థిర లగ్నం చూస్తారు, అంటే వృషభం, సింహం, వృశ్చికం, కుంభం. ఆ రోజు వృషభం పొద్దున సుమారు 5:50 నుంచి 7:50 దాకా. గురువారం యమగండం పొద్దున్నే, క్యాలెండర్ ప్రకారం 7:30 దాకా. సింహం మధ్యాహ్నం 12 దాటాక వస్తుంది గానీ రేవతికి వర్జ్యం ఆ ప్రాంతంలోనే పడుతుంది, పైగా మే నెల ఎండ. అంటే 7:30కి, 7:50కి మధ్య ఇరవై నిమిషాలు. నేను చెప్పింది ఉజ్జాయింపు, నిమిషాలు మీ పంతులుగారే తేల్చాలి.

కందూరు_కాక
బహుళ పక్షం, అదీ దశమి దాటినాక? చంద్రుడు అమావాస్యకు రెండు రోజుల దూరంలో ఉంటాడు. క్షీణ చంద్రునిలో మొదలుపెట్టిన వ్యాపారం క్షీణిస్తుందని మా తాత అనేవాడు. శుక్ల పక్షమే ఉత్తమం.

పంతులుగారబ్బాయి
@కందూరు_కాక మాట కాదనను. మా నాన్నా శుక్ల పక్షమే అడుగుతారు. కానీ ఇప్పుడున్న శుక్ల పక్షం మే 1 పౌర్ణమితో సరి. తర్వాతది అధికంలో. ఆ తర్వాతది జూన్ 16 నుంచి. ఉన్నవాటిలో మంచిది ఏరుకోవాలి. "దోషం లేని ముహూర్తం బ్రహ్మకు కూడా దొరకదు" అని మా నాన్న పెళ్ళివాళ్ళకు చెప్తుంటారు.

కందూరు_కాక
మీ నాన్న సంభావన పెంచడానికి అట్లా అంటాడేమో.

పంతులుగారబ్బాయి
అదీ ఉండొచ్చు.

లెక్కల_సార్_రిటైర్డ్
@నోట్‌బుక్_నల్గొండ యాప్‌లో ఊరు ఏది పెట్టి ఉందో చూసుకో. తిథి ఎక్కడున్నా ఒకే సమయానికి మారుతుంది. లగ్నం, రాహుకాలం మాత్రం ఊరిని బట్టి.

నోట్‌బుక్_నల్గొండ
సార్, న్యూఢిల్లీ అని ఉంది!! ఇప్పుడే మార్చాను.

పాత_పుస్తకాలు
ముప్పై ఏళ్ళు ఈ గిరాకీలోనే ఉన్నాను, రెండు ముక్కలు చెప్తాను. తేదీ మీద ఇంత చర్చ పెట్టారు, సరుకు మీద ఎవరూ మాట్లాడలేదు.

ప్రైవేటు బడులు పుస్తకాలు, నోట్‌బుక్కులు, బెల్టుతో సహా వాళ్ళ కౌంటర్లోనే అమ్ముతాయి. సర్కారు బడులకు పాఠ్యపుస్తకాలు ప్రభుత్వమే ఇస్తుంది. నీకు మిగిలేది లాంగ్ నోట్‌బుక్కులు కొంత, బ్రౌన్ అట్టలు, లేబుళ్ళు, జామెట్రీ బాక్సులు, చార్టులు, బ్యాగులు. జూన్‌కి వెయ్యి డజన్ల నోట్‌బుక్కులు దింపుకుంటే సంక్రాంతి దాకా వాటి మీదే పడుకోవాలి. బేగంబజార్ పోయినప్పుడు సగమే తెచ్చుకో, రెండో ట్రిప్పుకు పైసలు ఉంచుకో.

ఎన్‌జీ కాలేజీ దగ్గర నీ అసలు గిరాకీ జిరాక్స్. ఇంటర్ అయిపోయిన పిల్లలు దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్) అడ్మిషన్లకు మే, జూన్ నెలల్లో మెమో, టీసీ, కులం, ఆదాయం సర్టిఫికెట్లు పట్టుకుని తిరుగుతారు. ఒక్కొక్కరు పది కాపీలు. దానికి ర్యాకులు అక్కర్లేదు, ముహూర్తానికి కార్పెంటర్ కోసం ఆగక్కర్లేదు. మిషన్, కంప్యూటర్, ఇన్వర్టర్, ఒక బల్ల. ఇన్వర్టర్ మర్చిపోకు.

గడియారం_సెంటర్
చూశారా, రెండు టేబుళ్ళు అని నేను రెండో పోస్టులోనే చెప్పాను.

నోట్‌బుక్_నల్గొండ
పంతులుగారు వచ్చారు. 14 గురువారమే ఖాయం, 7:36. ఇరవై నిమిషాల్లో ఆయన పెన్ను పెట్టింది అక్కడ. "నువ్వు ముందే అంతా చూసుకుని వచ్చావు, నా దగ్గరికి దేనికి" అని కొంచెం అలిగారు. ఫ్లెక్సీ ఆర్డర్ ఇవ్వలేదు. బిర్యానీ అన్నను తలుచుకుని క్యాలెండర్ మూడుసార్లు చూశాను, ఆ రోజు ఏ జయంతీ లేదు.

బిర్యానీ_బాధితుడు
నా జీవితం ఒకరికి ఉపయోగపడింది.

నోట్‌బుక్_నల్గొండ
ఇవ్వాళ 14. అయిపోయింది. వివరంగా రాస్తాను, చాలామంది అడిగారు.

ఆరున్నరకే షట్టర్ ఎత్తి కడిగాం. మామిడాకులు కట్టాం. నాన్న లక్ష్మీ పటం తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టి, అందులో 116 రూపాయలు వేశారు, వందనోటు, పదినోటు, ఒక అయిదు బిళ్ళ, ఒక రూపాయి. 7:10కి కరెంటు పోయింది. పాలు పొంగించడానికి ఇండక్షన్ స్టవ్ తెచ్చుకున్నాం. ఇన్వర్టర్ వచ్చే వారం బిగిస్తారు (పాత పుస్తకాలు అన్నా, తిట్టకండి). పంతులుగారు "7:50 దాటితే లగ్నం మారుతుంది" అని ఒక్కటే మాట. మా ఆవిడ ఎదురుగా టీ కొట్టు ఆయన దగ్గరికి పరుగెత్తి ఆయన స్టవ్ మీద గిన్నె పెట్టించింది. నడుమ ఒకాయన వచ్చి "రెండు టీ" అన్నాడు, టీ కొట్టు ఆయన "ముహూర్తం నడుస్తుంది, ఆగు" అన్నాడట. 7:43కి పొంగింది, రోడ్డు దాటించి తెచ్చాం.

ఇంకా అసలుది. 7:20కే ఒక పిల్లవాడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇంటర్ మెమో జిరాక్స్ కావాలట, కనగల్ బస్సు దిగి నేరుగా వచ్చాడు. లోపలికి రమ్మందామంటే నాన్న చెయ్యి అడ్డం పెట్టి "యమగండం బాబూ, కాసేపు కూర్చో" అన్నారు. కుర్చీ వేశాం. కూర్చున్నాడు. కొబ్బరికాయ కొట్టాక అరచెక్క వాడికే ఇచ్చారు. కరెంటు 7:47కి వచ్చింది. రెండు కాపీలు, నాలుగు రూపాయలు. వాడు పదినోటు ఇచ్చాడు. బోణీ బేరం అరువు పెట్టొద్దు, చిల్లర తిరిగివ్వాలంటే గల్లాలో ఆ అయిదు బిళ్ళ, రూపాయే ఉన్నాయి. సరిగ్గా ఆరు. ముహూర్తపు పైసలు తీయొచ్చా అని నేను నాన్న మొహం చూశాను. ఆయనే తీసి ఇచ్చి, వాడి పదినోటు కళ్ళకద్దుకుని లక్ష్మీ పటం వెనక పెట్టారు.

ఏ_జెండా_లేదు
ఆ పిల్లవాడిది ఏ నక్షత్రమో అడిగారా?

నోట్‌బుక్_నల్గొండ
నాన్న అడిగారు. వాడికి తెలియదు. "డేట్ ఆఫ్ బర్త్ మెమో మీద ఉంది తాతా" అన్నాడు.

కందూరు_కాక
7:47 అంటే లగ్నం విడవడానికి మూడు నిమిషాలు. కొద్దిలో దక్కింది.

నోట్‌బుక్_నల్గొండ
జూన్ 13. ఒక నెలయింది కాబట్టి రాస్తున్నాను. కార్పెంటర్ ర్యాకులు ఇచ్చింది జూన్ 3. అప్పటిదాకా జిరాక్స్ మీద, అప్లికేషన్ల మీదనే నడిచింది, అద్దె వచ్చేసింది. నోట్‌బుక్కులు సగమే తెచ్చాను, జూన్ 8కే అయిపోయాయి, మళ్ళీ బేగంబజార్ పోయి వచ్చాను. నిన్న బడులు తెరిచారు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా నీళ్ళు తాగే తీరిక లేదు. అట్టలు నాన్న కూర్చుని కోసి ఇచ్చారు.

గ్రాండ్ ఓపెనింగ్ ఇంకా పెట్టలేదు. నిజ జ్యేష్ఠం వచ్చాక రిబ్బన్ పెడదామా అని పంతులుగారే నిన్న ఫోన్ చేశారు.

జడ్చర్ల_జంక్షన్
పెడితే లీడర్‌ను పిలవకు.

మిర్యాలగూడ_కోడలు
ఇంకేం ఓపెనింగ్? తెరిచే ఉంది కదా!

పాత_పుస్తకాలు
ఇన్వర్టర్ బిగించావా?

నోట్‌బుక్_నల్గొండ
సోమవారం వస్తామన్నారు.

లెక్కల_సార్_రిటైర్డ్
సోమవారం పొద్దున 7:19 నుంచి 8:57 దాకా తప్పించు.